ఎరను బట్టి ముడి: సముద్రపు ఒడ్డున గాలం కట్టడం గురించి

సముద్రపు ఒడ్డున ఎర వేసి చేపలు పట్టేవారు నలుగురు కలిస్తే గాలం ముడి గురించి మాట రాకుండా ఉండదు, మాట వస్తే "అన్నిటికన్నా గట్టి ముడి ఏది?" అన్న ప్రశ్న రాకుండా ఉండదు. నెల్లూరు తీరాన మైపాడులో విన్నాను, కోడూరులో విన్నాను, ఒంగోలు వాళ్లు ఆదివారం సాయంత్రాలు చేరే కొత్తపట్నంలోనూ విన్నాను. ఆ ప్రశ్నకు విలువ లేదని అనను. అయితే ఎర వేటలో దానికన్నా ముందు అడగవలసిన ప్రశ్న మరొకటి ఉంది: నేను వేస్తున్న ఈ ఎరలో గాలం ఎలా నిలబడాలి? లోహంతోనో ప్లాస్టిక్‌తోనో చేసిన కృత్రిమ ఎరలకు గాలాన్ని తయారీదారే ఒక స్థానంలో బిగించి ఇస్తాడు కాబట్టి అక్కడ ముడికి ఊడకుండా ఉండడం తప్ప వేరే పని పెద్దగా లేదు. రొయ్యనో కవళ్ల ముక్కనో గుచ్చినప్పుడు మాత్రం గాలం ఏ కోణంలో వేలాడాలి, మొన ఎటు తిరగాలి, ఎర కిందికి జారకుండా ఎంతసేపు ఉండాలి అన్నవన్నీ చాలావరకు మనం వేసే ముడే తేలుస్తుంది. అందువల్ల ముడిని ఎంచుకోవడం దారం దగ్గర కాకుండా ఎర దగ్గర మొదలుపెట్టాలన్నది నా అభిప్రాయం.

మన తీరంలో ఎరకు కొదవ లేదు. చుట్టూ రొయ్యల చెరువులే ఉన్న జిల్లా కనుక వనామి రొయ్య ఏ సంతలోనైనా దొరుకుతుంది. ఒడ్డుకు పడవలు వచ్చే వేళకు వెళితే తాజా కవళ్లు, కానాగంతలు, అదృష్టం బాగుంటే స్క్విడ్ కూడా దొరుకుతాయి. వీటిలో రొయ్య చాలా మెత్తనిది. ఇసుక ఒడ్డున అలలను దాటించి విసరడానికి వంద గ్రాముల సీసం కట్టి బలంగా తిప్పినప్పుడు ఆ ఊపుకు రొయ్య సగం చిరిగి, గాలం వంపులోకి ముద్దగా జారిపోతుంది. నీటిలో పడేసరికి మొన ఆ ముద్దలో పూడుకుపోయి ఉంటుంది, చేప వచ్చి నోట పెట్టుకున్నా గుచ్చుకోదు. ఒడ్డున నిలబడినవాడికి రాడ్ కొన ఊగడం కనిపిస్తుంది, లాగితే ఏమీ ఉండదు. ఇక్కడ ముడి గట్టిదా కాదా అన్న చర్చ వల్ల ఉపయోగం లేదు, ముడి గట్టిగానే ఉంది.

దీనికి జవాబు స్నెల్ అనే ముడిలో ఉంది. మిగతా ముడులన్నీ గాలం కంటికి, అంటే దారం దూర్చే పై రంధ్రానికి కట్టేవి. స్నెల్ మాత్రం కాడకు, అంటే కన్నుకూ వంపుకూ మధ్య ఉన్న నిలువు భాగానికి చుట్టేది. దారం కంటిలోంచి కేవలం దాటిపోతుంది, బరువంతా కాడ మీది చుట్లే మోస్తాయి. మన పల్లెకార్లకు ఇది కొత్త విద్య ఏమీ కాదు. వరుస గాలాలు వేసేవారు వాడే గాలాల్లో కన్ను లేనివి ఉంటాయి, కాడ చివర చిన్న పారలా అణగగొట్టి ఉంటుంది. వాటికి చుట్టడం తప్ప వేరే మార్గమే లేదు. తుమ్మలపెంట ఒడ్డున ఒక పెద్దాయన పడవ నీడన కూర్చుని అలాంటి గాలాలకు దారం చుడుతుంటే దగ్గర కూర్చుని చూశాను. దారాన్ని కాడ వెంట మడిచి ఎడమ బొటనవేలితో అదిమిపెట్టి, కుడి చేత్తో చుట్టు మీద చుట్టు ఎక్కకుండా పక్కపక్కనే పేరుస్తూ పోయారు. చివరి కొసను మడత లోంచి తీసి, పళ్లతో పట్టుకుని, రెండో కొసను నెమ్మదిగా లాగారు. నా చేతిలో కన్ను ఉన్న గాలాన్ని, దానికి నేను వేసిన ముడిని ఒకసారి తిప్పి చూసి, "కంటికి కట్టి వదిలేస్తే ఎట్టా అబ్బయా, అది తలాడిస్తానే ఉంటది. కాడకు చుట్టాల, అప్పుడే గాలం దారం మాట ఇంటది" అన్నారు. "అట్టాగే తాతా" అని ఆయన దగ్గరే ఇంకో రెండు చుట్టించుకుని వచ్చాను.

కన్ను ఉన్న గాలానికి స్నెల్ వేసే పద్ధతుల్లో నాకు నచ్చినది ఇది. దారపు కొసను గాలం మొన ఉన్న వైపు నుంచి కంటిలోకి దూర్చి, జానెడు పొడవు లాగి, కాడ వెంట వంపు దాకా పరవాలి. కొసను మళ్లీ కంటి వైపు మడిచి ఒక ఉంగరం చేయాలి. ఆ ఉంగరంలోంచి కొసను తీస్తూ కాడనూ దాని వెంట ఉన్న దారాన్నీ కలిపి ఆరేడు సార్లు చుట్టాలి. చుట్లను ఉమ్మితో గాని నీటితో గాని తడిపి, కొసను పట్టుకుని అసలు దారాన్ని (రీల్ వైపు వెళ్లేదాన్ని) లాగితే చుట్లన్నీ ఒకదాని పక్కన ఒకటి ఒదిగిపోతాయి. ఒకటి మరొకదాని మీదికి ఎక్కితే విప్పి మళ్లీ కట్టడమే మంచిది, ఎందుకంటే పైకెక్కిన చుట్టు కింది దారాన్ని కోస్తుంది. కట్టిన తర్వాత గోటితో కాడ మీద గీసి చూడండి: సరిగా బిగిసిన చుట్లు గరుకుగా, కదలకుండా తగులుతాయి; బిగియనివి గోటి వెంట జరుగుతాయి.

ఈ ముడిలో దాగి ఉన్న మరో సదుపాయాన్ని రొయ్య వేసేవారు తప్పక తెలుసుకోవాలి. బిగించిన తర్వాత అసలు దారాన్ని కంటిలోంచి వెనక్కి, అంటే చుట్ల వైపుకు నెడితే కన్నుకూ చుట్లకూ మధ్య దారం పైకి లేచి చిన్న ఉచ్చులా తెరుచుకుంటుంది. రొయ్య తలను గాని, తోక మొదలును గాని, స్క్విడ్ పీలిక పై కొసను గాని ఆ ఉచ్చులో పెట్టి దారాన్ని మళ్లీ లాగితే అది కాడకు అదుముకుని ఉండిపోతుంది. అప్పుడు ఎర రెండు చోట్ల పట్టు కలిగి ఉంటుంది: పైన ఉచ్చు, కింద గాలం వంపు. విసిరేటప్పటి ఊపును పై పట్టు తీసుకుంటుంది కనుక ఎర జారి వంపులో ముద్ద కాదు, మొన బయటే ఉంటుంది. కొందరు దీనికోసమే సన్నని సాగే దారంతో ఎరను గాలానికి చుడతారు. ఆ పద్ధతీ మంచిదే, కానీ చీకటి పడ్డాక, గాలిలో, తడి చేతులతో ఆ సాగే దారం కొస వెతుక్కోవడం కన్నా ఉచ్చు తెరవడం నాకు సులువు. మరీ గట్టిగా లాగితే ఆ ఉచ్చే రొయ్యను కోసేస్తుంది కాబట్టి వేలికి రొయ్య పెంకు కొద్దిగా నొక్కుకున్నట్టు తెలిసే దాకా లాగి ఆపాలి.

పెద్ద ముక్క వేయదలచుకున్నప్పుడు, ఉదాహరణకు కానాగంత సగం భాగాన్ని జెల్ల కోసమో పండుగప్ప కోసమో వేస్తున్నప్పుడు, ఒకే దారానికి రెండు గాలాలను స్నెల్‌తో వరుసగా కట్టడం ఉంది. కింది గాలాన్ని ముందు కట్టి, అదే దారం పైకి వెళుతున్న చోట రెండోదాని కాడకు చుడితే సరిపోతుంది. కంటికి కట్టే ముడులతో ఈ పని ఇంత శుభ్రంగా రాదు.

మొన వైపు నుంచి దూర్చాలని పైన రాసిన మాటను మామూలు గాలాల విషయంలో కొంత చూసీ చూడనట్టు వదిలేయవచ్చు గానీ, సర్కిల్ హుక్ విషయంలో వదలకూడదు. సర్కిల్ హుక్ మొన లోపలికి, కాడ వైపుకు వంగి ఉంటుంది. చేప ఎరను నోట పెట్టుకుని పక్కకు తిరిగి పోతున్నప్పుడు గాలం గొంతులోంచి జారుతూ వచ్చి పెదవి మూలన తిరిగి గుచ్చుకోవాలన్నది దాని ఏర్పాటు. ఆ తిరగడంలో ముడికి భాగం ఉంది. దారం మొన ఉన్న వైపు నుంచి బయటికి వచ్చేలా స్నెల్ కడితే, లాగు పడినప్పుడు కన్ను ఒక పక్కకు ఒరిగి మొన బయటి వైపుకు తిరుగుతుంది. వెనుక వైపు నుంచి వచ్చేలా కడితే అదే లాగు మొనను లోపలికి తిప్పుతుంది. మంచం మీద కూర్చుని చూపుడు వేలిని సర్కిల్ హుక్ వంపులో జాగ్రత్తగా ఉంచి రెండు విధాలా కట్టిన దారాన్ని మెల్లగా లాగి చూస్తే ఈ తేడా వేలికే తెలుస్తుంది. అలా లాగి చూసే ముందు మొనకు ఒక రబ్బరు ముక్క గుచ్చి పెట్టుకోండి. కన్ను వెనక్కి వంగి ఉన్న గాలాలకు స్నెల్ మరీ బాగా కుదురుతుంది, దారం కాడ వెంటే తిన్నగా బయటికి వస్తుంది. సర్కిల్ హుక్ వేసినవారు చేప పట్టగానే రాడ్‌ను ఎగరవేసి కొట్టే అలవాటు మానుకోవాలి. దారాన్ని బిగువుగా ఉంచి రీల్ తిప్పడమే చాలు, కొడితే గాలం తిరగకముందే నోట్లోంచి బయటికి వచ్చేస్తుంది.

బతికిన ఎర సంగతి వేరు. పెన్న సముద్రంలో కలిసే ఊటుకూరు దగ్గర, కండలేరు కలిసే కృష్ణపట్నం దగ్గర, పోటు నీళ్లు లోపలికి వచ్చే వేళల్లో పండుగప్పకు బతికిన బొంత చేప పిల్లను వేసేవారు చాలామంది ఉన్నారు. ఆ బొంత ఎంత స్వేచ్ఛగా ఈదితే అంత మంచిది. స్నెల్ గాలాన్ని దారంతో ఒకే కడ్డీలా చేసేస్తుంది కాబట్టి, పైగా పండుగప్పకు వాడే లీడర్ (రీల్ దారం కొసన గాలం కోసం కట్టే వేరే దారపు ముక్క) మందమైనది కాబట్టి, ఆ బిరుసంతా బొంత మూతి మీద పడుతుంది, అది త్వరగా అలసిపోతుంది. ఇక్కడ కంటికి వదులుగా, చిన్న ఉంగరంలా ఉండే ముడి కావాలి. జారని లూప్ ముడి అందుకు తగినది: ముందు దారంలో ఒక వదులు ముడి వేసి, కొసను కంటిలోంచి తీసి, ఆ వదులు ముడిలోంచే వెనక్కి తెచ్చి, అసలు దారం చుట్టూ నాలుగైదు చుట్లు తిప్పి, మళ్లీ అదే ముడిలోంచి తిరిగి రప్పించి బిగించాలి. దారం మందమయ్యే కొద్దీ చుట్లు తగ్గించాలి. ఉంగరం చిటికెన వేలి గోరంత ఉంటే చాలు. మరీ పెద్దదైతే బొంత తిరిగేటప్పుడు గాలం మొనే ఆ ఉంగరంలో చిక్కుకుంటుంది.

ఇప్పుడు దారం సంగతికి రావచ్చు. 1938లో లోకానికి తెలిసిన నైలాన్ నేటికీ మన ఒడ్డున ఎక్కువమంది చేతిలో ఉంది, దానితో తంటా తక్కువ. సాగుతుంది, ముడిలో ఒదుగుతుంది, దాదాపు ఏ ముడినైనా మన్నిస్తుంది. నీటిని కొంత పీల్చుకుంటుంది గనుక తడిసిన తర్వాత దాని బలం కొంత తగ్గుతుందని గుర్తుంచుకుంటే చాలు. జపాన్‌లో 1971లో చేపల వేటకు వచ్చిన ఫ్లోరోకార్బన్ నైలాన్ కన్నా బరువైనది, బిరుసైనది, రాపిడికి ఓర్చుకునేది. దాని వక్రీభవన గుణకం (వెలుతురును వంచే కొలత) 1.42, నీటిది 1.33, నైలాన్‌ది 1.5కు పైన, అందుకే అది నీటిలో తక్కువగా కనిపిస్తుందంటారు. మన ఒడ్డున అలలు ఇసుకను కలబోస్తున్న నీటిలో ఆ గుణానికి ఎంత విలువ ఉందో నాకు సందేహమే, దాని రాపిడి ఓర్పు మాత్రం నిజంగా పనికి వస్తుంది. బిరుసు వల్ల వచ్చే చిక్కు ఏమిటంటే, మందమైన ఫ్లోరోకార్బన్‌లో చుట్లు ఒదగవు. చాలామంది మొదట నేర్చుకునే క్లించ్ ముడి 0.30 మిల్లీమీటర్ల నైలాన్‌లో చక్కగా కూర్చుంటుంది, అదే ముడి 0.60 ఫ్లోరోకార్బన్‌లో చుట్ల మధ్య సందులు వదిలి, బరువు పడగానే జారుతుంది. అలల్లో వేసే లీడర్లకు క్లించ్‌ను నేను వాడను.

అల్లిక దారం మరింత నున్నటిది. పాలిథిలీన్ పోగులతో అల్లేది కావడం వల్ల దానికి సాగుడు దాదాపు లేదు, పట్టు కూడా లేదు. నేరుగా గాలానికి కట్టవలసి వస్తే పలోమార్ అనే ముడి నయం, అందులో దారం రెండు పేటలుగా కంటిలోంచి వెళుతుంది. అయితే మందమైన లీడర్‌ను రెండు పేటలు చేసి చిన్న కంటిలోకి దూర్చడం కుదరదు, గాలం మొత్తాన్నీ ఉచ్చులోంచి దాటించాలి కనుక కింద సీసం వేలాడుతున్నప్పుడు అది పెద్ద తలనొప్పి. పైగా అల్లిక దారాన్ని నేరుగా గాలానికి కట్టే అవసరం ఎర వేటలో అరుదు. గవ్వల గుట్టల మీద, ఇసుక మీద అది త్వరగా నలుగుతుంది. మధ్యలో నైలాన్ లీడర్ ఉండడమే మేలు.

ఒక్క ముడే నేర్చుకుంటాను, ఏది నేర్చుకోమంటారు అని అడిగేవారికి యూని ముడి నా జవాబు. అది అందంగా ఉంటుందని కాదు, చీకట్లో కూడా వేయగలమని. పైన చెప్పిన స్నెల్ కూడా యూని కట్టు తీరే, కంటి బయట కాకుండా కాడ చుట్టూ వేసినదంతే. ఒకటి చేతికి వస్తే రెండోది దానంతటదే వస్తుంది. యూనిని పూర్తిగా కన్ను దాకా జార్చకుండా మధ్యలో బిగిస్తే చిన్న లూప్ కూడా అవుతుంది, కానీ పెద్ద చేప లాగితే ఆ లూప్ మూసుకుపోతుంది.

గాలం కంటిని చూడకుండా ముడి గురించి ఎంత మాట్లాడినా సగమే. చవక గాలాల్లో కన్ను పూర్తిగా మూసుకోదు, తీగ కొస కాడను తాకే చోట వెంట్రుక వాసి సందు ఉంటుంది. సన్నని దారం బరువు మీద ఆ సందులోకి జరిగి తెగిపోతుంది, లేకుంటే ఆ తీగ కొస అంచు దాన్ని కోస్తుంది. దుకాణంలో డబ్బాలోంచి ఒక గాలం తీసి వెలుతురుకు ఎత్తి చూస్తే తెలుస్తుంది. అలాంటి గాలాలే చేతిలో ఉంటే వాటికి స్నెల్ కట్టండి, బరువు కాడ మీద ఉంటుంది కనుక ఆ సందు చేసే కీడు చాలావరకు తగ్గుతుంది.

పళ్లున్న చేపల దగ్గర ఈ లెక్కలేవీ పనిచేయవు. సావళ్లు, వంజరం తిరిగే వేళ నైలాన్‌కు ఏ ముడి వేసినా, ముడికి బెత్తెడు పైన కత్తిరించినట్టు తెగి వస్తుంది. ఉక్కు తీగ కట్టాలి. ఒంటి తీగకు ముడి వేయకూడదు, మెలిపెట్టాలి: ముందు రెండు తీగలూ ఒకదానినొకటి సమానంగా చుట్టుకునే మెలికలు నాలుగు, ఆ తర్వాత కొస ఒక్కటే అసలు తీగ మీద దగ్గర దగ్గరగా నాలుగైదు చుట్లు. మిగిలిన కొసను కటింగ్ ప్లేయర్‌తో కత్తిరిస్తే వాడి అంచు మిగిలి వేలిని చీరుతుంది. దాన్ని ఎల్ ఆకారంలో వంచి, గడియారం కీ తిప్పినట్టు తిప్పితే చుట్టు దగ్గరే నున్నగా తెగుతుంది. చేయి చీరే మరో దినుసు జెల్ల, దాని వెన్ను ముల్లులోనూ రెక్క ముళ్లలోనూ విషం ఉంటుంది. గాలం లోపలికి మింగిన జెల్ల నోట్లో వేళ్లు పెట్టి ముడి కాపాడుకోవాలని చూడవద్దు. దారాన్ని గాలానికి వీలైనంత దగ్గరగా కోసి, ఇంటి దగ్గర కట్టి తెచ్చుకున్న ఇంకో లీడర్ తగిలించుకోవడమే తెలివి.

ఏ ముడైనా చివరికి బిగింపు దగ్గరే బాగుపడేది, పాడయ్యేది. పొడిగా ఉన్న నైలాన్‌ను గట్టిగా లాగితే చుట్లు ఒకదాని మీద ఒకటి రాసుకుని పుట్టే వేడికి దారం పైపొర దెబ్బతింటుంది. ముడికి ఇవతల దారం నులుచుకుపోయి ముంగురులా మెలి తిరిగి కనిపిస్తే అది అప్పటికే బలం కోల్పోయినట్టు. తడపాలి, నెమ్మదిగా లాగాలి, చుట్లు ఒదిగాక ఒకసారి బలంగా బిగించాలి. ఒడ్డున ఇసుక అంటిన వేళ్లతో కట్టే ముడిలో ఒక్క ఇసుక రేణువు ఇరుక్కున్నా అది దారాన్ని నూరుతూనే ఉంటుంది, అందుకే లీడర్లన్నీ ఇంట్లో దీపం కింద కట్టుకుని, ఒక థర్మోకోల్ ముక్కకు చుట్టి తీసుకెళతాను. మిగిలిన కొసను ముడి మొదట్లోకి కోయకుండా రెండు మిల్లీమీటర్లు వదలడం మంచిది. తెగేదాకా లాగకూడదని పెద్దలు అంటారు గానీ, కొత్త దారం కొన్నప్పుడు మాత్రం తెగేదాకా లాగి చూడాలి: గాలాన్ని మేకుకు తగిలించి, దారం రెండో కొసను ఇళ్లలో సామాను తూచే స్ప్రింగ్ త్రాసుకు కట్టి, కళ్లకు అద్దాలు పెట్టుకుని లాగితే, మన చేతి ముడి ఎన్ని కిలోల దగ్గర తెగుతున్నదో తెలుస్తుంది. పెట్టె మీద అచ్చేసిన అంకె ముడి లేని దారానిది, మనకు కావలసింది మన ముడితో కలిసిన అంకె. మామూలు ఒంటి ముడి పడిన దారం దాదాపు సగం బలం పోగొట్టుకుంటుందని ఈ త్రాసు మీదే చూడవచ్చు. గాలికి దారంలో దానంతటదే పడే చిన్న ముడిని చూసీ వదిలేయకూడదని అంటున్నది ఇందుకే.

చేప పోయి ఒట్టి దారం చేతికి వచ్చినప్పుడు తిట్టుకునే ముందు కొసను చూడండి. కొస స్ప్రింగులా చుట్టలు తిరిగి ఉంటే ముడి తెగలేదు, జారింది. చుట్లు తక్కువయ్యాయి, లేదా ఆ దారానికి ఆ ముడి తగదు. కొస నున్నగా, చుట్టలు లేకుండా, గాలం కట్టిన పొడవుకే తెగి ఉంటే ముడి దగ్గరే తెగింది, బిగించేటప్పుడు తడపలేదేమో, కంటి సందు కోసిందేమో చూడాలి. కొసకు పైన బెత్తెడు మేర దారం తెల్లబారి గరుకుగా ఉంటే అది గవ్వల పని. ముడి మార్చి లాభం లేదు, ఆ గరుకు భాగమంతా కోసి పారేసి కొత్త లీడర్ కట్టాలి. కోసిన దారం ముక్కలను ఒడ్డున వదలకుండా జేబులో వేసుకోండి, అవే రేపు ఇంకొకరి రీల్‌కు చుట్టుకునేది.